ఉన్నారా అండీ?

అక్టోబరు వచ్చిందంటే నా బల్ల మీద
రెండు రంగుల అట్టలు.
నీలం అట్టలో కోయించుకున్నవాళ్ళు,
పసుపు అట్టలో పొడిపించుకున్నవాళ్ళు.
డాక్టర్లకు ఈ మాటలు నచ్చవు.
ఓపెన్ అనాలి, లాపరోస్కోపీ అనాలి.
ఇరవై రెండేళ్ళుగా నేను లోలోపల ఇలాగే అనుకుంటాను.

ఓస్త్రావా ఆస్పత్రి, మూడో అంతస్తు.
కిటికీకి ఎదురుగా పాత గనుల బొగ్గు దిబ్బ.
లోపలెక్కడో ఇంకా రగులుతూనే ఉంటుంది,
ఊరంతా మంచు పరుచుకున్నా
దాని నెత్తిన మాత్రం నిలవదు.

నాకిచ్చిన ప్రశ్న ఒక్కటే.
ఫోన్ చేసి అడగాలి: ఉన్నారా అండీ?
ఇంట్లో ఉన్నారా అనుకుంటారు వాళ్ళు.
నేను అడిగేది అది కాదు.

వ్లాస్తిమిల్ కుబేషా, నీలం అట్ట.
కోక్ బట్టీల దగ్గర ముప్పై ఏళ్ళు.
ఎడమ కిడ్నీ, దాన్ని పట్టుకుని నారింజ పండంత గడ్డ.
వీపు నుంచి బొడ్డు దాకా జానాబెత్తెడు గాటు,
అడ్డొచ్చిందని పక్కటెముకలో ఒక ముక్క కూడా పోయింది.
పదకొండు రోజులు మంచం, మూడు నెలలు నడుముకి పట్టీ.
పదో ఏడు ఫోన్ చేస్తే
"ఉన్నా, ఉన్నా" అన్నాడు, తలుపు తట్టినట్టు రెండుసార్లు.
"పుట్టగొడుగులకి పోతే మాత్రం కుడి వైపుకే వంగుతాను.
ఎడమ వైపువి మా మనవరాలివి. అలా పంచుకున్నాం."
ఆ వైపు పొట్ట ఉబ్బి ఉంటుందట,
చొక్కా కింద రొట్టె దాచినట్టు.
ట్రామ్‌లో ఎవరూ సీటివ్వకపోతే
చొక్కా ఎత్తి చూపిస్తాడట.

క్వేతా షిమీచ్కోవా, పసుపు అట్ట, అదే సంవత్సరం.
నాలుగు బెజ్జాలు. నాలుగో రోజుకి ఇల్లు.
మూడో వారానికి బేకరీలో పిండి పిసుకుతోంది.
"ఎవరూ నమ్మలేదమ్మా.
చూపించడానికి గాటేదీ?
ఉల్లిపాయ కోస్తూ వేలు తెగితే
మా ఆయన ఇంతకంటే ఎక్కువ కంగారుపడేవాడు."
కొన్నాళ్ళకి తనే నమ్మడం మానేసింది.
ఏడో ఏడు స్కానింగుకి రాలేదు, ఎనిమిదో ఏడూ రాలేదు.
నేను మూడుసార్లు తిట్టాక వచ్చింది.
ఏమీ లేదు. ఊపిరితిత్తులు శుభ్రం.
ఆ మాట విని గోడకానుకుని
పదిహేను నిమిషాలు ఏడ్చింది, అప్పుడే ఆపరేషన్ అయినట్టు.

డాక్టర్ మెలిఖర్ గీతలు గీసి తెచ్చాడు,
ఒకటి నీలం, ఒకటి పసుపు.
మొదటి నెలల్లో అన్నిట్లో తేడానే:
పోయిన రక్తం, మింగిన మాత్రలు, పడుకున్న రోజులు.
బతికున్నవాళ్ళ లెక్కకొచ్చేసరికి మాత్రం
రెండు గీతలూ ఒకే మెట్లు దిగుతున్నాయి.
పదిహేనో ఏట వాటి మధ్య
పెన్సిల్ మొన కూడా దూరదు.
"తేడా లేదు" అన్నాడు.
యాభై ఐదో ఏట, వణికే చేతులతో
తెర మీద చూస్తూ కోయడం నేర్చుకున్న మనిషి.
సంతోషమో, నిరాశో నాకు అందలేదు.
పుట్టగొడుగులకి ఒక గడి ఉందా డాక్టర్ అని అడిగాను.
నవ్వాడు. లేదు.

ఉన్నవి మూడే గడులు. ఉన్నారు, లేరు, తెలియదు.
ఫోన్ ఎత్తనివాళ్ళ కోసం
గీత మీద సన్నగా నిలువు గాటొకటి పెడతారు.
ఇక్కడిదాకా చూశాం, ఆపైన తెలియదు అని.
అన్నిటికంటే చిన్న కోత అది.
నాకు నిద్రలో సలిపేదీ అదే.

ఇవాళ కుబేషా నంబరు కలిపాను.
చాలాసేపు మోగింది.
ఎత్తింది ఆడపిల్ల గొంతు, ముక్కు దిబ్బడ.
"తాతయ్య లేడండీ."

పెన్ను రెండో గడి మీదికి వెళ్ళింది.
పదిహేనేళ్ళు. చాలానే ఇచ్చారు అనుకున్నాను.
ఎలా అడగాలో, ఎప్పుడని అడగాలో,

"అడవికి పోయాడు, బుట్ట తీసుకుని.
నాకు జలుబు, రావద్దన్నాడు.
ఏదైనా చెప్పాలా?"

ఏం లేదమ్మా అన్నాను.
ఎడమ వైపువన్నీ
ఇవాళ అక్కడే వదిలేసి వస్తాడు.